మధురవీరుని చేతులు: శ్రమ, విశ్వాసం, విముక్తి

దక్షిణాంధ్ర సాహిత్యం అనగానే మన విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చేవి తంజావూరు, మధుర ఆస్థానాలు. రఘునాథుని కొలువు, చేమకూర వెంకటకవి చమత్కారం, తిరుమలనాయకుని మహలు స్తంభాలు మన వారసత్వం కింద ఎప్పుడో జమ అయినవే. జమకట్టడంలో తప్పు లేదు. అయితే మధుర నాయకుల పాలన 1736తో ముగిసింది. ఆ తరువాత మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు మాట ఇంతకాలం నిలిచిందంటే దానిని నిలిపినవారు పొలం దున్నినవారు, మగ్గం నేసినవారు, తోలు కుట్టినవారు, ఊరు ఊడ్చినవారు. వీరిలో చివరి ఇద్దరి సంగతి మన సాహిత్య చరిత్రలలో ఎక్కడా కనిపించదు. వారి సంగతి చెప్పే కళ మాత్రం ఇటీవల మధురలోనే పుట్టింది. దివ్యభారతి తీసిన 'కక్కూస్' (2017) అనే తమిళ డాక్యుమెంటరీ, ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన ఎం. పళనికుమార్ తీసిన నిశ్చల చిత్రాలు ఈ వ్యాసానికి విషయం. వీటిని మధురవీరుని కథ పక్కన పెట్టి చదవాలని మా ప్రయత్నం. విముక్తి అనే మాటను ఈ కృతులు పరలోకం నుంచి దించి, బతికున్న మనిషి చేతుల దగ్గరకు తెచ్చాయని మా అభిప్రాయం.

ముందుగా మాట గురించి కొంత చెప్పుకోవాలి. ఆంగ్లంలో రిడెంప్షన్ అన్న ఒక్క మాటకు మనకు మూడు నాలుగు మాటలున్నాయి. మోక్షం జన్మపరంపర నుంచి విడుదల. రక్షణ అనేది తెలుగు క్రైస్తవుల వాడుకలో పాపం నుంచి విడుదల. విమోచన చెర నుంచి, దాస్యం నుంచి, అప్పు నుంచి విడుదల. ఆంగ్లపదానికి మూలమైన లాటిన్ మాటకు అర్థం తిరిగి కొనడం, అంటే వెల చెల్లించి విడిపించుకోవడం. ఈ అర్థాన్ని మనసులో ఉంచుకుంటే ఏ విముక్తి కథకైనా రెండు ప్రశ్నలు వేయవచ్చు. వెల ఎవరు చెల్లించారు? విడుదలైన మనిషి బతికి ఉండి దానిని అనుభవించాడా?

వలస వచ్చి నేల సంపాదించుకున్న తెలుగువారి కథలలో ఈ ప్రశ్నలకు సులువైన సమాధానం దొరుకుతుంది. కంబళత్తు నాయకులు చెప్పుకొనే వలసగాథలో శత్రువులు తరుముతుంటే ఏరు అడ్డం వస్తుంది. గట్టు మీది రెండు కానుగ చెట్లు వంగి వారిని దాటిస్తాయి. ఇంట్లో తెలుగు మాట్లాడి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' (1976) నవలలోనూ ఇటువంటి పలాయనమే ఉంది. ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన కుటుంబాలు అడవి కొట్టి, కాల్చి, నల్లరేగడిని సాగులోకి తెచ్చుకొని ఊరు కట్టుకుంటాయి. దైవం ప్రాణం కాపాడింది. చెమట నేలను ఇచ్చింది. పరదేశం స్వదేశమైంది. ఇక్కడ శ్రమ నిజంగానే మనిషిని విడిపించింది, ఎందుకంటే శ్రమ ముగిసేసరికి చేతిలో భూమి ఉంది. శ్రమ ముగిసినా చేతిలో ఏమీ మిగలనివారి మాట ఏమిటి?

అరుంధతీయులు అటువంటివారు. తమిళనాడులో, ముఖ్యంగా కోయంబత్తూరు, ఈరోడు, సేలం ప్రాంతాలలో వీరి సంఖ్య ఎక్కువ. వీరిలో చాలామందికి ఇంటిభాష తెలుగు, కొందరికి కన్నడం. వీరి కులవృత్తి తోలుపని. కొంగునాట వ్యవసాయం బావుల మీద ఆధారపడింది. ఎద్దులు లాగే కపిలకు తోలు బొక్కెన, తోలు తొండం కావాలి. వాటిని కుట్టిన చేతులు వీరివి. అంటే మనం గొప్పగా చెప్పుకొనే తోటల వెనుక, పత్తి చేల వెనుక వీరి పని ఉంది. పైకారా జలవిద్యుత్తు 1930లలో కోయంబత్తూరు ప్రాంతానికి వచ్చింది. మిల్లులు పెరిగాయి, తరువాతి దశాబ్దాలలో బావుల మీదికి విద్యుత్ పంపులు వచ్చాయి. తోలు తొండం అక్కరలేకపోయింది. తొండం కుట్టే విద్యతో పాటు దానికి ఊరిలో ఉన్న కాస్తపాటి విలువా పోయింది. పాలేరు పనికి పోయినవారు పోగా, పట్నం చేరినవారిలో ఎందరికో మునిసిపాలిటీ చీపురు దక్కింది.

ఈ జీవితం తమిళ నవలలోకి వచ్చింది. పూమణి 'పిఱగు' (1979) నవలకు నాయకుడు అళగిరి అనే చెప్పులు కుట్టేవాడు. పెరుమాళ్ మురుగన్ 'కూళమాదారి' కొంగునాట గౌండర్ల ఇళ్లలో జీతానికి కుదిరిన అరుంధతీయ పిల్లల కథ. తెలుగులో మాత్రం దీనికి దగ్గరగా వచ్చే పెద్ద కావ్యం ఒకటే ఉంది: జాషువ 'గబ్బిలం' (1941). అందులో నాయకుడు అరుంధతీసుతుడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కనుక గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి తన గోడు పంపుకొంటాడు. ఆ కావ్యం వెలువడడానికి రెండేళ్ల ముందు, 1939 జూలై 8న, మధుర మీనాక్షి ఆలయంలోకి ఎ. వైద్యనాథ అయ్యర్ నాయకత్వంలో దళితులు, నాడార్లు ప్రవేశించారు. తలుపు తెరుచుకుంది. అయితే తలుపు బయట అప్పటికే ఒక అరుంధతీయుల దేవుడు నిలబడి ఉన్నాడు. ఆయనే మధురవీరుడు.

మీనాక్షి ఆలయం తూర్పు గోపురం దగ్గర, బొమ్మి, వెళ్ళైయమ్మాళ్ ఇరువైపులా ఉండగా, మధురవీరునికి చిన్న గుడి ఉంది. తమిళ కథాగేయం ప్రకారం ఆయన కాశీరాజు కొడుకు. పుట్టుక అరిష్టమని అడవిలో వదిలేస్తే తోలుపని చేసే దంపతులు పెంచారు. పెరిగి పెద్దవాడై, బొమ్మన్ననాయకుడనే తెలుగు నాయకుని కూతురు బొమ్మిని తీసుకొని వెళ్లిపోయాడు. తరువాత తిరుమలనాయకుని కొలువులో చేరి అళగర్ కొండ దారిదోపిడీలను అణచాడు. చివరికి వెళ్ళైయమ్మాళ్ విషయంలో నింద మోసి, ఒక చేయి, ఎదురువైపు కాలు నరికించుకున్నాడు. మీనాక్షి కరుణించి చేయీ కాలూ తిరిగి ఇచ్చింది. ఒక కథనంలో ఆయన వాటిని ఉంచుకోడు. పూర్వజన్మ కర్మ తీరాలంటూ తన తల తానే తీసుకుంటాడు. ఆ తరువాతే గుడి కట్టారు.

రాజపుత్రుడన్న పుట్టుక తరువాత అతికించినదనీ, అసలు కథలో ఆయన పెంచినవారి కొడుకేననీ పలువురు పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మాకూ ఇదే సమంజసంగా తోస్తుంది. పాలెగాని ఇంటి పిల్లను తోలుపనివాని కొడుకు చేసుకున్నాడని పాడుకోవడం కష్టం, రాజకుమారుడైతే పాడుకోవచ్చు. డి. యోగానంద్ దర్శకత్వంలో 1956లో వచ్చిన 'మదురై వీరన్' సినిమా కూడా రాజపుత్రుని కథనే నిలిపింది. ఎం.జి. రామచంద్రన్ వీరుడు, మన భానుమతి బొమ్మి.

ఈ కథ చదివిన తెలుగు విద్యార్థికి సారంగధరుడు గుర్తుకు రాక తప్పదు. ఇదే నాయకరాజుల కాలంలో చేమకూర వెంకటకవి 'సారంగధర చరిత్ర' రాశాడు. అక్కడా నింద, అక్కడా కాళ్లు చేతులు నరకడం, అక్కడా సిద్ధుని దయతో అవి తిరిగి రావడం. భేదం ముగింపులో ఉంది. సారంగధరుడు రాజపుత్రుడు, అతని శరీరం తిరిగి వచ్చాక అది అతనిదే. మధురవీరునికి శరీరం తిరిగి వచ్చినా దానిలో బతికే వీలు లేదు. అతడు దేవుడు కావాలి, దేవుడు కావాలంటే చావాలి. మనం వేసుకున్న రెండు ప్రశ్నలకు ఈ కథ ఇచ్చే సమాధానం కఠినమైనది. వెల చెల్లించినవాడు అతడే. విడుదల అనుభవించడానికి అతడు మిగలలేదు. ఊరు మాత్రం కాపలా దేవుణ్ణి సంపాదించుకుంది.

'కక్కూస్' ఈ కథను ప్రస్తావించే చిత్రం కాదు. దానిలో దేవతలు లేరు. 2015 అక్టోబరులో మధురలో ఇద్దరు పారిశుధ్య కార్మికులు విషవాయువు సోకి మరణించారు. ఆ సంఘటన దివ్యభారతిని ఈ చిత్రానికి పురికొల్పింది. గంటన్నరకు పైగా నడిచే ఈ చిత్రంలో తమిళనాడులోని అనేక ఊళ్ల కార్మికులు తమ పని ఏమిటో తామే చెబుతారు. పేరు కూడా గమనించదగింది. కక్కూసు అన్న మాట డచ్చి భాష నుంచి తీరప్రాంతపు వాడుకలోకి వచ్చి, తమిళంలోనూ తెలుగులోనూ ఇంటిమాట అయింది. సభలో పలకడానికి మొహమాటపడే ఆ మాటనే దర్శకురాలు శీర్షికగా పెట్టింది. పలుచోట్ల చిత్రప్రదర్శనకు పోలీసులు అనుమతి ఇవ్వలేదు. చివరికి ఆమె దానిని యూట్యూబులో అందరికీ అందుబాటులో ఉంచింది.

ఈ చిత్రంలో కళాపరంగా ముఖ్యమైనది కెమెరా నిలబడిన చోటు. అది చేతుల ఎత్తులో ఉంటుంది. తొడుగు లేని చేయి, రేకుముక్క పట్టిన చేయి, తుడుచుకోవడానికి ఏమీ లేక గాలిలో నిలిచిపోయిన చేయి. మాట్లాడేవారు తమ చేతులకు పట్టిన వాసన గురించి, ఆ చేతులతోనే అన్నం తినవలసి రావడం గురించి చెబుతారు. అన్నం కలిపే చేయి, పిల్లకు జడ అల్లే చేయి, మురుగు తీసే చేయి ఒకటే. ఈ సంగతి మనకు తెలియనిది కాదు. దానిని చూడకుండా ఉండడానికి మనం ఏర్పరచుకున్న అలవాట్లను చిత్రం ఒక్కొక్కటిగా తీసివేస్తుంది.

ఈ అలవాట్లలో పెద్దది పనిని పూజ అనడం. గాంధీ 1936లో 'హరిజన్' పత్రికలో ఆదర్శ పాకీ కార్మికుని గురించి రాస్తూ ఆ పనిని బిడ్డకు తల్లి చేసే సేవతో పోల్చాడు. ఆయన ఉద్దేశం పనిని గౌరవించమని. అంబేద్కర్ 1945 నాటి గ్రంథంలో దీనికి గట్టిగా బదులిచ్చాడు. పుట్టుకను బట్టి ఒక వర్గం మీద పడిన పనికి పవిత్రత అంటగడితే, ఆ పనిలోంచి బయటపడే దారి మూసుకుపోతుందన్నది ఆయన వాదం. 'కక్కూస్' ఈ వాదాన్ని ఉపన్యాసంగా చెప్పదు. తల్లి పోలిక ఎందుకు నిలవదో చూపుతుంది. తల్లి తన బిడ్డకు చేస్తుంది. ఇక్కడ చేసేవారికి ఆ ఇల్లు ఎవరిదో తెలియదు, ఆ ఇంటివారికి వీరి పేరు తెలియదు. శ్రమ నేలను ఇచ్చిన గోపల్ల గ్రామం కథకు ఇది సరిగ్గా వ్యతిరేకమైన కథ. ఎంత చేసినా మర్నాటికి అదే పని తిరిగి మొదటికి వస్తుంది.

అయితే ఈ చిత్రం మీద మాకు ఒక అభ్యంతరం ఉంది. దృశ్యం మీద దృశ్యంగా మలినం పేరుకుపోతుంటే, కొంతసేపటికి ప్రేక్షకుని చూపు మనిషి మీద నిలవక మలినం మీద నిలుస్తుంది. అసహ్యం కోపంగా మారాలని దర్శకురాలి ఉద్దేశం. కాని అసహ్యం అసహ్యంగానే మిగిలిపోయే ప్రమాదమూ ఉంది. ఆ అసహ్యమే కదా కులానికి పాత ఆయుధం. చిత్రం చూసి తల తిప్పుకున్నవాడు కార్మికుని నుంచి తల తిప్పుకోవడం తనకు తెలియకుండానే మళ్లీ అభ్యసిస్తాడు. ఈ చిక్కును ఆమె గుర్తించలేదనలేము. కార్మికుల మాటలను కత్తిరించకుండా సాగనివ్వడం దానికి ఆమె చేసిన విరుగుడు. ఆ మాటలే చిత్రాన్ని నిలబెట్టాయి.

పళనికుమార్ నిశ్చల చిత్రాలు ఈ చిక్కు నుంచి మరో దారి వెతికాయి. మధురలో చేపలమ్మి కుటుంబాన్ని పోషించిన తల్లికి కొడుకు అతడు; ఆమె శ్రమను గురించి తానే రాశాడు. పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా సంస్థలో ఛాయాగ్రాహకుడిగా పనిచేస్తూ, 2022లో దయానితాసింగ్ పేరిట ఆ సంస్థతో కలిసి ఏర్పరచిన డాక్యుమెంటరీ ఛాయాచిత్ర పురస్కారాన్ని మొదటిసారి అందుకున్నది అతడే. మురుగు మరణాల గురించి తీసిన చిత్రాలలో అతడు తరచుగా గుంట దగ్గర నుంచి ఇంటికి వస్తాడు. భార్య, తల్లి, పిల్లలు చనిపోయినవాని పటం చేత పట్టుకొని మన వైపు చూస్తుంటారు. పోయినవారి పిల్లల చిత్రాలతో ఏర్పాటైన ప్రదర్శనకు 'నానుం ఒరు కుళందై', అంటే 'నేనూ ఒక పిల్లనే', అని పేరు.

పటం అంటే మన ఇళ్లలో ఏమిటో చెప్పనక్కరలేదు. పోయినవారి పటానికి బొట్టు పెడతాం, దండ వేస్తాం, దీపం పెడతాం. అది సగం దేవుడి పటమే. కనుక ఈ చిత్రాలలో విశ్వాసం ఎవరూ పేరు పెట్టి పిలవకుండానే వచ్చి కూర్చుంది. గోపురం బయటి మధురవీరుడు కూడా అకాలంగా, అన్యాయంగా పోయినవాడే. పోయాక పూజ అందుకున్నవాడే. కాని ఇక్కడ ఒక మార్పు ఉంది. గుడిలో మనం చూసేది దేవుణ్ణి. ఈ చిత్రాలలో మనం చూసేది పటాన్ని పట్టుకున్న చేతులను. పోయినవాని ముఖం అద్దం వెనుక మసకగా ఉంటే, దానిని పట్టుకున్న వేళ్లు స్పష్టంగా ఉంటాయి. ఇతడు దేవుడయ్యాడని ఆ చేతులు మనకు చెప్పడం లేదు. ఇతడు మా ఇంటివాడు, ఇతని పేరు ఇది, ఇతడు లేక మేము ఇలా ఉన్నాము అని చెబుతున్నాయి. చావును మహిమగా మార్చే పాత ఏర్పాటును ఈ చిత్రాలు ఒప్పుకోవడం లేదు.

ఈ ఏర్పాటు గుడిలోనే కాదు, చట్టంలోనూ ఉంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లో, దానికంటే విస్తృతమైన చట్టం 2013లో వచ్చాయి. కోలారు బంగారు గనుల ఊరిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ప్రభృతులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో, 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పది లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. 2023 అక్టోబరు 20న మరొక తీర్పులో దానిని ముప్పై లక్షలు చేసింది. పరిహారం న్యాయమైనదే, ఆ కుటుంబాలకు అది అవసరం, అదీ పోరాడితేగాని రాదు. అయినా వెల చెల్లించి విడిపించడమన్న మాటను ఇక్కడ ఒకసారి గుర్తు చేసుకోవాలి. వెల చెల్లిస్తున్నది మనిషి పోయాకనే. చనిపోతే గుడి, చనిపోతే పరిహారం. బతికి ఉండగా కావలసినవి చేతి తొడుగు, యంత్రం, వేరే పని. కపిల బావి దగ్గరి తోలు తొండాన్ని తప్పించడానికి యంత్రం ఎంత త్వరగా వచ్చిందో, మురుగు గుంటలోంచి మనిషిని తప్పించడానికి అంత త్వరగా రాలేదు. ఒక చోట లాభం ఉంది, మరొక చోట మనిషి చవక. రెండు చోట్లా అవే చేతులు.

పళనికుమార్ కృషిలో మరొక భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కార్మికుల పిల్లలకు అతడు కెమెరా పట్టడం నేర్పుతూ వచ్చాడు. విముక్తిని గురించి అతని చిత్రాలు చెప్పేదానికంటే ఈ పని ఎక్కువ చెబుతుందని మేము భావిస్తున్నాము. చూడబడేవారి చేతికి చూసే పరికరం వచ్చింది. తోలు కుట్టిన వంశపు చేతులు ఒక విద్యను పోగొట్టుకొన్నాయి. మరొక విద్యను అందుకుంటున్నాయి. ఇది మోక్షం కాదు, పూర్తి విమోచనా కాదు. కాని మధురవీరునికి దక్కనిది ఇందులో కొంత ఉంది. తిరిగి వచ్చిన చేతులతో బతకడం.

ఇక మన సంగతి. 'కక్కూస్' తమిళ చిత్రం. అందులో వినిపించే భాష తమిళం. ఈ పనిలో ఉన్నవారిలో ఎందరి ఇళ్లలోనో తెలుగు ఉందని ఆ చిత్రం చూసి ఎవరికీ తెలియదు. తెలియజెప్పడం ఆ చిత్రం బాధ్యతా కాదు. అది మన శాఖల బాధ్యత. అయితే ఇక్కడ తొందరపడి వీరు మనవారని చాటడానికి పోరాదు. అరుంధతీయులలోనే తాము ఈ నేల వారమని, ఆది తమిళులమని చెప్పేవారున్నారు. నాయకుల వెంట వచ్చిన పరాయివారని ముద్ర వేసి హక్కుల దగ్గర ఆపడం వారు చూశారు. తమిళనాడు ప్రభుత్వం 2009లో ఇచ్చిన మూడు శాతం అంతర్గత రిజర్వేషను మీద నడిచిన వాదాలలో కూడా ఈ మాట వినిపించింది. పైగా ఇన్ని తరాలలో తెలుగు సంఘాలు వారి వాడలకు ఎన్నిసార్లు వెళ్లాయి? ఆస్థానాన్ని వారసత్వమని రాసుకొని వాడను మరిచిన భాష, అవసరం వచ్చినప్పుడు సంఖ్య కోసం ఆ వాడను పిలిస్తే వారు పలకకపోవడంలో వింత లేదు.

అందుచేత మధురలోనో కోయంబత్తూరులోనో తెలుగు చదువుకుంటున్న విద్యార్థులకు మేము సూచించేది చిన్న పని. తిరుమలనాయకుని మహలు చూసిన రోజునే తూర్పు గోపురం దగ్గర ఆగి మధురవీరుణ్ణి కూడా చూడండి. 'గబ్బిలం' చదివిన నెలలోనే 'కక్కూస్' చూడండి. తోలుపనికి, కపిలకు, పనిముట్లకు ఆ ఇళ్లలోని పెద్దల నోట ఇంకా మిగిలిన మాటలుంటే, వారు ఇష్టపడి చెబితే, చెప్పినవారి అనుమతితో రాసి పెట్టండి. కపిల పోయి చాలాకాలమైంది. ఆ మాటలు తెలిసినవారు ఇప్పుడు ముసలివారు. ఆ మాటలు రాసుకునేటప్పుడు చెప్పేవారి చేతుల వైపు కూడా చూడండి.